గ్రాండ్ స్వార్ అంబర్ సెంటు: విశాఖలో వాడినవాళ్ళు ఏమంటున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఖరీదైన సెంటు కొనేముందు నలుగురినీ అడగడం మనకు అలవాటే. గ్రాండ్ స్వార్ విషయంలో వచ్చిన చిక్కేమిటంటే, ఆ నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. ఒకరికి అది అమృతం, ఇంకొకరికి దగ్గు మందు. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా దీన్ని కొన్నవాళ్ళు, బంధువుల సీసా లోంచి అడిగి కొట్టుకున్నవాళ్ళు, పక్క సీట్లో కూర్చుని భరించినవాళ్ళు చెప్పిన మాటలే ఇవి. మధ్యలో నా అభిప్రాయాలూ ఉన్నాయి, అవి నావేనని తెలిసిపోతూనే ఉంటుంది.

అసలు ఇది ఎవరి సెంటు? పేరు ఎలా పలకాలి?

గ్రాండ్ స్వార్ అంటే సరిపోతుంది. ఫ్రెంచివాళ్ళు ఆ ‘డ్’ మింగేస్తారు, మనకు ఆ తిప్పలు అక్కర్లేదు. పారిస్‌లోని మెజాన్ ఫ్రాన్సిస్ కుర్క్‌జియాన్ సంస్థ దీన్ని 2016లో తెచ్చింది. అదే ఏడాది పొద్దుటిపూట కోసం పెతి మతాన్ అనే తేలిక సెంటు దీనికి జోడీగా వచ్చింది. గ్రాండ్ స్వార్ మాత్రం దీపాలు వెలిగిన రాత్రి పారిస్‌ని తలచుకుని చేసింది. ఫ్రాన్సిస్ కుర్క్‌జియాన్, మార్క్ షయా ఇద్దరూ కలిసి 2009లో ఈ సంస్థ పెట్టారు. 2017లో అది ఎల్‌వీఎంహెచ్ అనే ఫ్రెంచి విలాసవస్తువుల గ్రూపు చేతికి వెళ్ళింది. 1995లో ఫ్యాషన్ డిజైనర్ జాన్ పాల్ గోటియే కోసం ‘ల మాల్’ అనే సెంటు చేసింది కుర్క్‌జియానే. 2021లో డియోర్ సెంట్ల బాధ్యత తీసుకున్నదీ ఆయనే.

అంబర్ అంటే ఏమిటి? చెట్టు బంకా, తిమింగలం కక్కేదా?

రెండూ కాదు. ఇది అడగనివాళ్ళు లేరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నగల్లో పొదిగే అంబర్ అంటే కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల జిగురు రాయిలా గట్టిపడ్డది. లోపల చీమలో దోమలో ఇరుక్కుని కనిపిస్తాయే, అదే. దాన్ని ముక్కుకు ఆనించుకున్నా దాదాపు వాసనే రాదు. అంబర్‌గ్రిస్ వేరు. అది స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారై సముద్రంలో తేలే పదార్థం, ఒకప్పుడు సెంట్లలో బాగా వాడేవారు. మన దేశంలో స్పెర్మ్ తిమింగలానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కాబట్టి అంబర్‌గ్రిస్ అమ్మినా కొన్నా నేరమే. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కనుక ప్రత్యేకంగా చెబుతున్నా: ఎవరైనా “ఒడ్డుకు కొట్టుకొచ్చింది, చవగ్గా ఇస్తా” అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఇప్పటి సెంట్లలో దాని బదులు ఆంబ్రాక్సాన్ వాడతారు. దాన్ని క్లారీ సేజ్ అనే మొక్క నుంచి తీసిన పదార్థంతో తయారుచేస్తారు, తిమింగలంతో పని లేదు.

సెంట్లు చేసేవాళ్ళ భాషలో అంబర్ అంటే ఒక కూర్పు. లాబ్డనం అనే పొద జిగురు, సాంబ్రాణి, వనిల్లా కలిస్తే వచ్చే తీయని, వెచ్చని వాసన అది. వనిల్లాకు ఆ వాసన ఇచ్చే వనిలిన్‌ను 1874లో టీమన్, హార్మన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. అసలు వనిల్లా కాయలు కొనలేని రోజుల్లో అది చేతికి రావడంతో ఈ కూర్పుకు దారి పడింది. గ్రాండ్ స్వార్ ఆ పాత దారిలోనే నడిచే సెంటు, కొత్త ప్రయోగం ఏమీ కాదు. నన్నడిగితే దాని బలం కూడా అదే.

సాంబ్రాణా? మన సాంబ్రాణేనా?

మన సాంబ్రాణే. స్టైరాక్స్ జాతి చెట్ల బెరడుకు గాటు పెడితే కారి గడ్డకట్టే బంక అది. గ్రాండ్ స్వార్‌లో వాడేది సియామ్ రకం. పేరు సియామ్‌దైనా ఎక్కువగా వచ్చేది లావోస్ నుంచి. సుమత్రా రకం ఇంకొకటి ఉంది, దానికి ఘాటు ఎక్కువ. సియామ్ సాంబ్రాణిలో సహజంగానే కొంత వనిలిన్ ఉంటుంది కాబట్టి అది మెత్తగా, తీయగా ఉంటుంది.

విశాఖలో వాడినవాళ్ళ అభిప్రాయాలన్నీ చివరికి ఈ సాంబ్రాణి దగ్గరికే వచ్చి ఆగుతాయి. పారిస్‌లో అది రాత్రి విందులకు పనికొచ్చే వాసన. మనకు శుక్రవారం సాయంత్రం పూజగది. తలంటుకున్న జుట్టుని బుట్ట మీద పరుచుకుని ఆరబెట్టుకోవడం. పసిబిడ్డకు స్నానం చేయించాక వేసే పొగ. సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దీన్ని చేతి మీద కొట్టుకుని రెండు నిమిషాలు ఊరుకుని, “మా చెల్లి పురిటి గది గుర్తొస్తోందండీ, దీన్ని రిసెప్షన్‌కి ఎలా వేసుకుని వెళ్ళను?” అన్నారు. అదే సీసా చూసి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు మురిసిపోయాడు. ఇంటికెళితే వాళ్ళ నానమ్మ, “ఏట్రా, ఏ గుడికెళ్ళొచ్చినావు?” అని అడిగిందట. అతనికి అదే పెద్ద మెప్పు.

ఒక తేడా మాత్రం గమనించాలి. మనం సాంబ్రాణిని నిప్పుల మీద వేస్తాం కాబట్టి మన జ్ఞాపకంలో సగం పొగే. కంప్యూటర్ సాంబ్రాణి అయితే బొగ్గుపొడి వాసన కూడా కలుస్తుంది. సెంట్లో దాన్ని కాల్చరు, ఆల్కహాల్‌లో కరిగిస్తారు. పొగ పోయి తీపి మిగులుతుంది. పూర్ణా మార్కెట్‌లో పూజాసామాను కొట్టుకు వెళ్ళి ఒక ముద్ద సాంబ్రాణి కొని, వెలిగించకుండా గోటితో గీకి వాసన చూడండి. గ్రాండ్ స్వార్ మీకు నచ్చుతుందో లేదో పదిరూపాయల్లో సగం తేలిపోతుంది.

సాంబ్రాణి కాకుండా ఇంకేమున్నాయి?

లాబ్డనం ఉంది. స్పెయిన్‌లోనూ మధ్యధరా తీరంలోనూ పెరిగే సిస్టస్ పొద ఆకులు ఎండాకాలంలో జిగురు కారుస్తాయి. పూర్వం క్రీట్ దీవిలో ఆ పొదల్లో మేసి వచ్చిన మేకల గడ్డాలకు అంటుకున్న జిగురును దువ్వి తీసేవారు. ఇప్పుడు కొమ్మల్ని ఉడకబెట్టి తీస్తారు. తోలు, తేనె, కొంచెం చెమట కలిసినట్టుండే ముదురు వాసన దానిది. గ్రాండ్ స్వార్ మరీ మిఠాయి కొట్టు కాకుండా కాపాడేది అదే.

తరవాత టోంకా గింజ. అందులో కూమరిన్ ఉంటుంది, వాసన ఎండిన గడ్డికీ బాదం పప్పుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. వనిల్లా సంగతి ముందే చెప్పుకున్నాం. పళ్ళు, పూలు, నిమ్మజాతి మెరుపులు పెద్దగా తగలవు. వాటికోసం వెతికేవాళ్ళు ఇక్కడ నిరాశపడతారు.

కొట్టుకున్న దగ్గర్నుంచి ఎలా మారుతుంది?

పెద్దగా మారదు, అదే దీని తీరు. మొదట ఆల్కహాల్ చురుక్కుమంటుంది. అది పోయే లోపే జిగురు, తేనె కలిసిన చిక్కటి తీపి వచ్చేస్తుంది. ఈ మొదటి పావుగంటే అన్నిటికన్నా బరువు. దీన్ని తిట్టేవాళ్ళలో ఎక్కువమంది ఈ పావుగంటలోనే తీర్పు ఇచ్చేసినవాళ్ళు. తరవాత లాబ్డనం కాస్త వెనక్కి తగ్గుతుంది, సాంబ్రాణి ముందుకొస్తుంది. మణికట్టు ముక్కుకు మరీ దగ్గరగా పెట్టుకుంటే తెలియదు గానీ, జానెడు దూరంలో పట్టుకుంటే ఒక సన్నని పౌడర్ మెత్తదనం తగులుతుంది. రాత్రి పడుకునేవేళకు మిగిలేది టోంకా, వనిల్లాలే.

మర్నాడు పొద్దున ఉతకని చొక్కా కాలర్ మీద ఉండే వాసన నాకు అన్నిటికన్నా ఇష్టం. తీపి అంతా దిగిపోయి, జిగురు ఒక్కటే పొడిగా ఉంటుంది. దానికోసమే ఆ చొక్కా ఒక పూట ఎక్కువ ఉంచుకునేవాళ్ళు ఉన్నారు, ఇంట్లోవాళ్ళ కోపాన్ని తట్టుకుంటూ.

నచ్చనివాళ్ళు ఏమంటారు?

ఎక్కువగా వినిపించేది “మరీ తీపి” అని. రెండోది దగ్గు మందు. ఇది గాలిలో మాట కాదు, కొన్ని దగ్గు టానిక్కుల్లో వాసనలో సాంబ్రాణికి దగ్గరగా ఉండే టోలు బాల్సమ్ లాంటి చెట్ల జిగుర్లు వాడతారు. ఆ వాసనతో చిన్నతనం గడిచినవాళ్ళకు అదే ముందు గుర్తొస్తుంది. కొందరు వేడెక్కిన ప్లాస్టిక్ అంటారు. నాకెప్పుడూ అది తగల్లేదు, కానీ చెప్పినవాళ్ళు ఒకరికొకరు తెలియనివాళ్ళు కాబట్టి కొట్టిపారెయ్యలేను.

ఇంకో ఫిర్యాదు ఆసక్తికరమైనది. ఇంత డబ్బు పోసి కొన్న సెంట్లో మలుపులు లేవని. రుషికొండ ఐటీ ఆఫీసులో పనిచేసే ఒకాయన, “మొదటి గంట, ఆరో గంట ఒకేలా ఉంటే అందులో ఏముందండీ?” అంటారు. ఆ మాట నిజమే. మలుపులు కావాలంటే గెర్లాన్ వారి షాలిమార్ చూడాలి. ఒకే సుఖం పొద్దుపోయేదాకా కావాలంటే ఇది.

విశాఖ వాతావరణంలో ఇది వాడగలమా?

వాడగలం, కాలం చూసుకుని. మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

మన ఊరి సమస్య ఎండ ఒక్కటే అయితే పర్వాలేదు, ఉక్క కూడా ఉంది. వేడికి చర్మం మీద సెంటు త్వరగా ఆవిరవుతుంది. అంటే గంటల తరబడి కొంచెం కొంచెంగా రావలసిన వాసన ఒక్కసారిగా లేస్తుంది. దానికి తోడు చెమట. నిమ్మ, పుదీనా రకం సెంట్లు అలా లేస్తే ఎవరికీ బాధ లేదు, ఎగిరిపోతాయి. అంబర్ జిగుర్లు బరువైనవి, పోవు. మే నెల మధ్యాహ్నం జగదాంబ సెంటర్లో షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని, ఒంటి మీద మూడు స్ప్రేల గ్రాండ్ స్వార్ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. చందనోత్సవం నాడు సింహాచలం క్యూలో అయితే మరీ ఘోరం. గంటల తరబడి ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ కదల్లేరు, మీ వాసన నుంచి తప్పించుకోనూ లేరు. మార్చి సగం దాటాక పగటిపూట దీన్ని బీరువాలో పెట్టేయడమే మర్యాద.

వానాకాలం సంగతి కొంచెం చిత్రంగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వాన వెలిశాక గాలి చల్లబడుతుంది గానీ తేమ అలాగే ఉంటుంది. తేమ గాలిలో మన ముక్కు బాగా పనిచేస్తుంది, వాసన స్పష్టంగా తెలుస్తుంది. అలాంటి సాయంత్రాల్లో ఒక్క స్ప్రే బాగుంటుందని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆరని బట్టల మీద మాత్రం వద్దు. ముక్కవాసన, సాంబ్రాణి కలిస్తే తాళం వేసిన పాత ఇల్లు తెరిచినట్టు ఉంటుంది.

దీని అసలు కాలం మార్గశిరం నుంచి మాఘం దాకా. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర కూడా 20 డిగ్రీల కిందికి దిగుతుంది. బీచ్ రోడ్డులో రాత్రి ఎనిమిది దాటాక సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పగాలి తగిలితే దీని తీపి సగానికి తగ్గి, జిగురు, తోలు వాసన పైకొస్తాయి. ఇంట్లో నచ్చనివాళ్ళకు కూడా ఆర్కే బీచ్‌లో నచ్చిన సందర్భాలు నాకు తెలుసు. లంబసింగికో అరకుకో వెళ్తూ తీసుకెళ్ళినవాళ్ళయితే, స్వెట్టర్ మీద కొట్టుకుని పొద్దున్నే కాఫీ తాగుతుంటే దీని విలువ అప్పుడు తెలిసిందన్నారు. చలికి ఉన్ని మీద ఇది నెమ్మదిగా, ఎవరినీ తొయ్యకుండా వస్తుంది.

ఏసీ కారు, ఏసీ ఆఫీసు వేరే లెక్క. అక్కడ వేడి లేదు కానీ గాలి బయటికి పోదు. ఎండలో నిలిపిన కారు ఎక్కేముందు కొట్టుకోకండి. ఏసీ చల్లబడే లోపు లోపలంతా పట్టేస్తుంది, సీటు కవర్లకు అంటుకుంటే వారం ఉంటుంది.

ఎన్ని స్ప్రేలు? ఎక్కడ?

చలికాలం సాయంత్రం రెండు, మిగతా కాలమంతా ఒకటి. ఉక్కపోత ఉన్న రోజు మెడ మీద వద్దు, అక్కడ చెమట ఎక్కువ. ఛాతీ మీద, చొక్కా లోపల ఒక్కటి చాలు. మోచేతి మడతలో కూడా బాగుంటుంది, చెయ్యి కదిపినప్పుడు మాత్రమే తెలుస్తుంది. మణికట్లు రెండూ రుద్దుకోవడం మన సినిమాల్లో చూసి నేర్చుకున్నదే, దానివల్ల లాభం లేదు.

నా వాసన నాకే రావడం లేదు. ఇంకోసారి కొట్టుకోవాలా?

వద్దు. దయచేసి వద్దు.

ఒకే వాసన చాలాసేపు ఉంటే మన ముక్కు దాన్ని లెక్కచెయ్యడం మానేస్తుంది. చేపల రేవు దగ్గర ఉండేవాళ్ళకు ఆ వాసన తెలియనట్టే. మీకు తెలియకపోయినా లిఫ్టులో మీ వెనక ఎక్కినాయనకు బ్రహ్మాండంగా తెలుస్తూనే ఉంటుంది. వాడినవాళ్ళలో ఎక్కువమంది చర్మం మీద ఎనిమిది గంటల పైనే ఉంటుందంటారు, బట్టల మీద మర్నాటికీ ఉంటుంది. అనుమానం ఉంటే బయటికెళ్ళి పది నిమిషాలు తిరిగి వచ్చి చూసుకోండి, లేదా ఇంట్లో ముక్కుసూటిగా మాట్లాడేవాళ్ళని అడగండి. అలాంటివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. కొట్లో కాఫీ గింజలు వాసన చూడమంటారు, దాని బదులు మామూలు గాలి పీల్చినా అంతే ఫలితం.

తెల్ల బట్టల మీద, పట్టుచీరల మీద కొట్టుకోవచ్చా?

ద్రవం రంగు చూస్తేనే తెలుస్తుంది, బంగారు గోధుమ రంగు. జిగుర్లు, వనిల్లా ఉన్న సెంట్లు లేతరంగు బట్టల మీద మరక వేస్తాయి. పొందూరు ఖద్దరు పంచె మీద దగ్గరగా కొట్టుకున్న ఒక పెద్దాయనకు లేత పసుపు చుక్కలు పడ్డాయి, ఉతికినా పూర్తిగా పోలేదు. పట్టు, జరీ మీద అసలు వద్దు. చీర కట్టుకోకముందే ఒంటికి కొట్టుకుని, ఆరాక కట్టుకుంటే ఏ గొడవా లేదు. ముదురు రంగు నూలు చొక్కా అయితే మూరెడు దూరం నుంచి లోపలి వైపు కొట్టుకోవచ్చు.

మగవాళ్ళదా, ఆడవాళ్ళదా?

ఇద్దరిదీ. సంస్థ కూడా అలాగే అమ్ముతుంది. మన దగ్గర మగవాళ్ళు కొంచెం తటపటాయిస్తారు, తీపి కదా అని. రెండు మూడు ఇళ్ళలో మాత్రం భర్త పేరున కొన్న సీసాని భార్య ఖాళీ చేస్తోంది.

మల్లెపూలు, కొబ్బరినూనె, పౌడర్‌తో కలిస్తే ఎలా ఉంటుంది?

పారిస్‌వాళ్ళకు రాని ప్రశ్న ఇది. మన ఒంటి మీద సెంటు ఒక్కటే ఎప్పుడుంటుంది?

కొబ్బరినూనెతో చాలా బాగుంటుంది. నూనెలోని మెత్తని తీపి, వనిల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తలకు కొంచెం నూనె రాసుకుని జడ వేసుకున్నవాళ్ళ మీద ఇది ఇంటి వాసనలా కలిసిపోయిందని చెప్పారు. కర్పూరం, మెంతాల్ ఉండే చల్లని తలనూనెలతో మాత్రం పడదు, నొప్పుల బామ్ రాసుకున్నట్టు ఉంటుంది. మల్లెపూలు రెండు మూరలు పెట్టుకుంటే సెంటు కింద ఉండిపోయి పూలే పైన ఉంటాయి, ఆ కలయికకు మెచ్చుకోళ్ళు బాగా వచ్చాయి. సింహాచలం సంపెంగలు పెట్టుకున్న రోజు సెంటు మానేయండి. సంపెంగే ఒక సెంటు, రెండూ కలిస్తే తలపోటు ఖాయం. ఘాటు సువాసన ఉన్న టాల్కం పౌడర్ కూడా అనవసరం, ఇందులోనే పౌడర్ మెత్తదనం ఉంది.

ఆఫీసుకి, గుడికి, పెళ్ళికి?

పెళ్ళికి బ్రహ్మాండం, ముఖ్యంగా రాత్రి ముహూర్తాలకు. హోమం పొగ, పూలు, నెయ్యి మధ్య ఇది పరాయిదిలా ఉండదు. ఆఫీసుకి ఒక్క స్ప్రే, అదీ ఇంటి నుంచి బయల్దేరడానికి అరగంట ముందు. ఆస్పత్రుల్లో, బడుల్లో పనిచేసేవాళ్ళు సెలవురోజుకి దాచుకోండి.

గుడి సంగతిలో రెండు మాటలు వినబడ్డాయి. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వెళ్ళేటప్పుడు కొట్టుకుంటానని ఒకావిడ అన్నారు. అక్కడి పసుపు, కుంకుమ, పూల వాసనల్లో ఇది కలిసిపోతుందని ఆమె వాదన. వాళ్ళ అత్తగారికి అది నచ్చలేదు. దేవుడికి వేసే సాంబ్రాణి వాసన మన ఒంటికి పూసుకుని తిరగడమేమిటని ఆవిడ అభ్యంతరం. నేను కోడలి పక్షం. అత్తగారి మాట తీసిపారెయ్యదగ్గదని మాత్రం అనను.

ధర ఎంత? ఎక్కడ కొనాలి?

70 మిల్లీలీటర్ల సీసా ఇక్కడ ఇరవై వేల పైమాటే. తెలిసినవాళ్ళు దుబాయ్ నుంచో అమెరికా నుంచో వస్తుంటే తెప్పించుకునేవాళ్ళు ఎక్కువ. నా సలహా: వాసన చూడకుండా సీసా కొనకండి. 5, 10 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో పోసి అమ్మేవాళ్ళున్నారు, పరిచయస్తులు నమ్మకంగా చెప్పినవాళ్ళ దగ్గర అలా ఒకటి తీసుకోండి. ఒక ఉక్కపోత రోజు, ఒక చలి రోజు, ఒక పెళ్ళి, ఈ మూడూ గడిచాక పెద్ద సీసా గురించి ఆలోచించండి.

నకిలీలు బాగా ఉన్నాయి. సగం ధరకు వచ్చిందంటే అనుమానించాల్సిందే. పెట్టె, మూత, ముద్రణ ఈ రోజుల్లో బాగానే నకలు చేస్తున్నారు, వాటిని చూసి తేల్చడం కష్టం. వాసనలో దొరికిపోతారు. నకిలీల్లో మొదటి తీపి అచ్చం అలాగే ఉంటుంది, గంట గడిచాక లాబ్డనం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు, ఒట్టి పంచదార వాసన. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు పంపింది అలాంటిదే. అడిగితే “బ్యాచ్ తేడా సార్” అన్నాడు.

ఇంతకన్నా తక్కువలో, లేదా ఇంకోరకంగా ఏమున్నాయి?

తీపి తగ్గి, ఆకుల ఘాటు కావాలంటే సెర్జ్ లూటెన్స్ వారి ఆంబ్ర్ సుల్తాన్. క్రిస్టఫర్ షెల్డ్రేక్ 1993లో చేసినది. బిరియానీ ఆకు, పిజ్జా మీద చల్లుకునే ఒరెగానో, ధనియాలు అంబర్ మీద చల్లినట్టు ఉంటుంది. మన వంటింటి ముక్కులకు అది ఇంకా దగ్గరేమోనని నా అనుమానం. షాలిమార్ 1925 నాటిది, మొగలు తోటల పేరు పెట్టుకుంది. పైన నిమ్మజాతి మెరుపు, కింద వనిల్లా, మధ్యలో కొంచెం పొగ. ధర కూడా దీనికన్నా చాలా తక్కువ.

షనేల్ వారి కోరమాండల్ 2007లో వచ్చింది. పచోలీ ఆకు, సాంబ్రాణి కలిసినది. కోరమాండల్ అంటే మనకు రైలు, కాదంటే ఎరువుల ఫ్యాక్టరీ. ఆ సంస్థ పెట్టిన కోకో షనేల్‌కు మాత్రం ఆమె ఇంట్లో ఉండే చైనా లక్క తెరలు. ఈ తీరం మీదుగా ఓడల్లో వెళ్ళేవి కాబట్టి వాటికి ఆ పేరట. గ్రాండ్ స్వార్ తెచ్చిన సంస్థే చేసిన బకరా రూజ్ 540 గురించి కూడా అడుగుతారు. దానిలో కుంకుమపువ్వు, దేవదారు, కాల్చిన పంచదార తీపి ఉంటాయి. దానికీ గ్రాండ్ స్వార్‌కీ పోలిక లేదు, అది నచ్చిందని ఇది కొంటే తికమక పడతారు.

అత్తర్లు వాడే అలవాటున్నవాళ్ళు కన్నౌజ్ నుంచి వచ్చే షమామా కూడా చూడొచ్చు. తీపి తక్కువ, మసాలా ఎక్కువ. ఒక్క చుక్క చాలు.

తలనొప్పి, అలర్జీ వస్తాయా?

కొందరికి వస్తాయి. సాంబ్రాణి, కూమరిన్ లాంటివి పడనివాళ్ళుంటారు. మోచేతి లోపల ఒక్క చుక్క వేసుకుని ఒక రోజు చూడండి, ఎర్రబడితే మానేయండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే గదిలో కొట్టుకోకండి, సాంబ్రాణి పొగ పడనివాళ్ళకు ఇదీ పడకపోవచ్చు. గర్భిణులకు వాసనల మీద ఇష్టాలు మారిపోతాయి, ముందు నచ్చిన సెంటే ఆ నెలల్లో వాంతి తెప్పించిందని ఒకరు చెప్పారు.

ప్రయాణంలో తీసుకెళ్ళొచ్చా?

70 మిల్లీలీటర్ల సీసా విదేశీ విమానాల్లో చేతిసంచిలోని ద్రవాల 100 మిల్లీలీటర్ల పరిమితికి లోపే. రైల్లో ఏసీ బోగీలో కొట్టుకోవడం మాత్రం వద్దు, కిటికీలు తెరుచుకోవు.

సీసా ఎలా దాచాలి? రంగు ముదిరింది, పాడైందా?

ఎండ, వేడి రెండూ దీనికి శత్రువులు. పడమటి కిటికీ పక్కన డ్రెస్సింగ్ టేబుల్ మీద అందంగా ఉంటుంది, నిజమే, కానీ అక్కడ వద్దు. బాత్రూమ్‌లో గీజర్ పక్కన అసలే వద్దు. బట్టల బీరువాలో కింది అర, దాని పెట్టెలోనే పెట్టి ఉంచితే చాలు. ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు పోయినప్పుడల్లా వేడెక్కి మళ్ళీ చల్లబడటం ఇంకా చెరుపు. వనిలిన్ ఉన్న సెంట్లు కాలం గడిచేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతాయి, అది మామూలే. మొదటి స్ప్రేలో పుల్లటి వాసనో వార్నిష్ వాసనో వచ్చి, పది నిమిషాలైనా పోకపోతే అప్పుడు అనుమానించండి. నాజిల్ గొట్టంలో నిలిచిపోయిన పాత చుక్కలకు కూడా అలాంటి వాసన వస్తుంది కాబట్టి, ముందు ఒక స్ప్రే కాగితం మీద వదిలేసి రెండోది చూడండి.